ఓడల రేవు నేర్పే పాఠం: శిక్షణకూ పరిశ్రమ అవసరాలకూ మధ్య దూరం

‘పని తెలిసినవాళ్లు దొరకడం లేదు’ అని పరిశ్రమలవారు అంటారు. ‘శిక్షణ పూర్తి చేశాం, సర్టిఫికెట్ ఉంది, ఉద్యోగమే లేదు’ అని యువతీయువకులు అంటారు. ఒకే ఊళ్లో, ఒకే సంవత్సరంలో, ఒక్కోసారి ఒకే ఫ్యాక్టరీ గేటుకు అటూ ఇటూ ఈ రెండు మాటలూ వినిపిస్తాయి. వీరిలో ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నారని అనుకోనక్కరలేదు. రెండూ నిజమే కావచ్చు. అదెలాగో తెలియాలంటే నైపుణ్యం ఎలా తయారవుతుందో, ఎలా పాతబడుతుందో, దాని ఖర్చు ఎవరి మీద పడుతుందో చూడాలి.

ఇందుకు మంచి ఉదాహరణ ఓడల నిర్మాణం. ఆ కథను కోల్‌కతాలోని వాట్‌గంజ్ నుంచి మొదలుపెడదాం. హుగ్లీ నదికి దగ్గరగా, ఖిదిర్‌పూర్ రేవులను ఆనుకొని ఉన్న పేట అది.

ఆయిలర్ పుస్తకం, వడ్రంగి ఉలి

వాట్‌గంజ్‌కు ఆ పేరు హెన్రీ వాట్సన్ అనే బ్రిటిష్ సైనిక ఇంజనీరు వల్ల వచ్చింది. ఈయన గణితంలో దిట్ట. ప్రసిద్ధ గణిత శాస్త్రజ్ఞుడు లియోనార్డ్ ఆయిలర్ చూపు దాదాపు పూర్తిగా పోయిన తరువాత, 1773లో, ఓడల నిర్మాణం గురించీ వాటిని నడపడం గురించీ ఫ్రెంచి భాషలో ఒక సిద్ధాంత గ్రంథం వెలువరించాడు. దానిని వాట్సన్ ఇంగ్లీషులోకి అనువదించి 1776లో లండన్‌లో అచ్చు వేయించాడు. నీటిలో తేలే వస్తువు ఒక పక్కకు ఒరిగినప్పుడు మళ్లీ నిటారుగా ఎలా నిలబడుతుంది, నీరు ఓడను ఎంత బలంతో అడ్డగిస్తుంది వంటి ప్రశ్నలకు గణిత రూపంలో జవాబులు వెతికిన పుస్తకం అది.

తరువాత వాట్సన్ బెంగాల్‌లో ఈస్టిండియా కంపెనీ చీఫ్ ఇంజనీరుగా ఉంటూ ఇక్కడ స్థలం సంపాదించి ఓడల రేవు కట్టడం మొదలుపెట్టాడు. 1781లో ‘నాన్‌సచ్’ అనే ఓడ ఇక్కడి నుంచే నీటిలోకి దిగింది. భూమి తగాదాల వల్ల, ఖర్చు వల్ల ఆయన తలపెట్టిన రేవు పూర్తికాలేదు. కానీ మన విషయానికి సంబంధించిన సంగతి ఒకటి అక్కడ జరిగింది. ఆయిలర్ సమీకరణాలు తెలిసిన మనిషి, ఉలీ బాడిసా పట్టే వడ్రంగులూ ఒకే చోట పనిచేశారు. పుస్తకం ఒక్కటే ఓడను కట్టలేదు. కొలతలు తెలిసిన చేయి, ఆ కొలతలకు కారణం తెలిసిన బుర్ర రెండూ కలవాలి.

ఆ తరువాత ఖిదిర్‌పూర్‌లో పేరు తెచ్చుకున్న ఓడల నిర్మాత జేమ్స్ కిడ్. బ్రిటిష్ తండ్రికి భారతీయ తల్లి వల్ల పుట్టినవాడు. ఇంగ్లండు వెళ్లి చదువుకున్నాడు. తిరిగి వచ్చాక నేరుగా యజమాని కాలేదు. కంపెనీ ప్రధాన ఓడల నిర్మాత వాడెల్ దగ్గర అప్రెంటిస్‌గా చేరాడు. వాడెల్ పదవి విరమించాక 1807లో ఆ రేవును తానే కొన్నాడు. కిడ్ కట్టిన 74 ఫిరంగుల ‘హేస్టింగ్స్’ ఓడను 1819లో బ్రిటిష్ నౌకాదళమే కొనుక్కుంది. ముందు చదువు, తరువాత నిపుణుడి పక్కన నిలబడి పని, ఆ పైన సొంత బాధ్యత. ఇప్పుడు మనం ‘అప్రెంటిస్‌షిప్’ అనే పద్ధతి ఇదే.

ఓడ మారింది, పనీ మారింది

అప్పటి ఓడ కర్రది. తరువాత ఇనుము, ఆపైన ఉక్కు వచ్చాయి. ఉక్కు రేకులను రివెట్లతో బిగించేవారు. ఒకరు కొలిమిలో రివెట్‌ను ఎర్రగా కాల్చి అందిస్తే, ఒకరు దాన్ని రంధ్రంలో పెట్టేవారు. ఒకరు వెనుక నుంచి అదిమి పట్టుకుంటే, ఇంకొకరు ముందు నుంచి సమ్మెటతో కొట్టేవారు. ఇదంతా జట్టు పని. తరాల తరబడి నేర్చుకున్న పని. 20వ శతాబ్దంలో వెల్డింగ్ వచ్చింది. 1920లో బ్రిటన్‌లో పూర్తిగా వెల్డింగ్‌తో కట్టిన ‘ఫుల్లగర్’ అనే ఓడ సముద్రంలోకి వెళ్లింది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత రివెట్ జట్లు క్రమంగా కనుమరుగయ్యాయి. ఆ పనివాళ్ల నైపుణ్యం తగ్గలేదు. దానితో అవసరమే తీరిపోయింది.

రేవులో సరుకు దింపే పనికీ ఇదే జరిగింది. ఖిదిర్‌పూర్ డాక్ 1892లో ప్రారంభమైంది. దశాబ్దాల పాటు అక్కడ బస్తాలూ పెట్టెలూ మనుషుల భుజాల మీదే ఎక్కాయి, దిగాయి. 1956 ఏప్రిల్‌లో అమెరికాలో ‘ఐడియల్ ఎక్స్’ అనే ఓడ 58 పెద్ద ఇనుప పెట్టెలతో న్యూవార్క్ నుంచి హ్యూస్టన్ బయలుదేరింది. కంటెయినర్ యుగం అలా మొదలైంది. ఇప్పుడు ఒక మనిషి క్రేన్ గదిలో కూర్చొని, గాలికి ఊగే టన్నుల బరువున్న పెట్టెను సెంటీమీటర్ల తేడాతో సరిగ్గా కూర్చోబెట్టాలి. బరువు మోసే పని పోయింది. లోలకంలా ఊగే బరువును అదుపు చేసే పని వచ్చింది.

ఈ మార్పులు మన తెలుగువారికి దూరపు సంగతులు కావు. ఉత్తరాంధ్ర, గంజాం ప్రాంతాల నుంచి వేలాది కుటుంబాలు ఒకప్పుడు కలకత్తా పరిసరాల్లోని జనపనార మిల్లులకూ, ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపుకూ పని కోసం వలస వెళ్లాయి. ఓడల పరిశ్రమ కూడా ఈ రెండు తీరాలనూ కలిపింది. సింధియా సంస్థ అధిపతి వాల్‌చంద్ హీరాచంద్ ఓడల కర్మాగారం కోసం మొదట కలకత్తాలో ప్రయత్నించాడు. అది కుదరక విశాఖపట్నాన్ని ఎంచుకున్నాడు. 1941లో అక్కడ శంకుస్థాపన జరిగింది. 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూ ‘జల ఉష’ ఓడను జలప్రవేశం చేయించాడు. అదే నేటి హిందుస్థాన్ షిప్‌యార్డ్. వాట్‌గంజ్‌కు పడమరగా హుగ్లీ ఒడ్డునే ఉన్న గార్డెన్‌రీచ్ కర్మాగారం 1884లో చిన్న మరమ్మతు కేంద్రంగా మొదలైంది. 1960లో కేంద్ర ప్రభుత్వం దానిని తీసుకుంది. 1961లో అక్కడి నుంచి ‘ఐఎన్ఎస్ అజయ్’ అనే యుద్ధనౌక వచ్చింది. ఇప్పటివరకు 100కు పైగా యుద్ధనౌకలను ఆ కర్మాగారం కట్టింది.

ఈ కర్మాగారాలన్నిటిలోనూ ఓడను నిలబెట్టేది వెల్డింగ్ అతుకు. శిక్షణకూ పనికీ మధ్య దూరం ఏమిటో ఆ అతుకులోకి తొంగి చూస్తే తెలుస్తుంది.

ఒక అతుకులో ఎంత శాస్త్రం?

వీధి చివర గేట్లు, కిటికీ ఊచలు అతికే షాపును మీరు చూసే ఉంటారు. వెల్డర్ చేతిలోని రాడ్‌కూ ఇనుముకూ మధ్య చిన్న సందు ఉంటుంది. ఆ సందులో విద్యుత్తు గాలిని అయనీకరించి దూకుతుంది. దీనినే ఆర్క్ అంటాం. అక్కడి ఉష్ణోగ్రత ఐదారు వేల సెల్సియస్ డిగ్రీలు ఉంటుంది. ఆ వేడికి రాడ్ కొనా, అతకవలసిన అంచులూ కరిగి చిన్న మడుగు ఏర్పడుతుంది. ఆ మడుగు గట్టిపడితే అదే అతుకు.

కరిగిన ఉక్కుకు గాలి తగిలితే నత్రజని, ఆక్సిజన్ అందులో చేరి అతుకును పెళుసుగా చేస్తాయి. అందుకే రాడ్ మీద ఫ్లక్స్ అనే పూత ఉంటుంది. అది కాలి, మడుగు చుట్టూ వాయువుల తెర కడుతుంది. మిగిలినది చిట్టెంగా పైకి తేలి మూతలా కప్పుతుంది. వెల్డర్ ఒకేసారి నాలుగు విషయాలు చూసుకోవాలి. అవి ఆర్క్ పొడవు, రాడ్ కోణం, చేయి కదిలే వేగం, విద్యుత్ ప్రవాహం. ఆర్క్ పొడవు సుమారుగా రాడ్ లోపలి తీగ వ్యాసం అంత, అంటే మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉండాలి. రాడ్ నిరంతరం కరిగి పొట్టిదవుతూ ఉంటుంది. కాబట్టి చేయి ముందుకు సాగుతూనే కిందికి కూడా దిగుతూ ఉండాలి. ఇదంతా నల్లటి అద్దం వెనుక నుంచి, ఆ మడుగు వెలుగులో మాత్రమే చూస్తూ చేయాలి.

బల్ల మీద పడుకోబెట్టిన రేకును అతకడం సులభం. మడుగు ఉన్నచోటే ఉంటుంది. అదే అతుకు తలకు పైన ఉంటే? గురుత్వాకర్షణ మడుగును కిందికి లాగుతుంది. దాన్ని పడిపోకుండా పట్టి ఉంచేవి ప్రధానంగా తలతన్యత, ఆర్క్ బలం. మడుగు పెద్దదైతే బరువు పెరిగి తలతన్యత దాన్ని మోయలేదు. అందుకని ప్రవాహం తగ్గించి, ఆర్క్ పొట్టిగా ఉంచి, మడుగును చిన్నదిగా చేయాలి. ఈ భంగిమలకు పరిశ్రమలో గుర్తులు ఉన్నాయి. రేకుల అతుకుల్లో చదునుగా ఉన్నది 1జి, అడ్డంగా సాగేది 2జి, నిలువు 3జి, తలపైన 4జి. 45 డిగ్రీల వాలులో బిగించిన గొట్టం చుట్టూ అతికేది 6జి. ఒక భంగిమలో నేర్పు ఉన్న చేయి ఇంకో భంగిమలో తడబడుతుంది.

కంటికి కనిపించని ప్రమాదం ఇంకొకటి ఉంది. వెల్డింగ్ రాడ్ చెమ్మ పీల్చుకుంటే ఆ నీరు ఆర్క్ వేడికి విడిపోయి హైడ్రోజన్‌ను ఇస్తుంది. హైడ్రోజన్ పరమాణువు చాలా చిన్నది. అది ఉక్కులోకి దూరి, మెల్లగా వ్యాపిస్తూ, ఒత్తిడి ఎక్కువగా ఉన్నచోట చేరుతుంది. గంటల తరువాత, ఒక్కోసారి రెండు మూడు రోజుల తరువాత, అతుకు పక్కన పగులు పుడుతుంది. పని ముగించినప్పుడు అతుకు నున్నగా, అందంగానే కనిపిస్తుంది. అందుకే గట్టి ఉక్కుకు వాడే తక్కువ హైడ్రోజన్ రాడ్లను సుమారు 300 నుంచి 350 డిగ్రీల దగ్గర పొయ్యిలో ఆరబెట్టి, వేడి పెట్టెలో ఉంచి, కొద్ది కొద్దిగా బయటకు తీస్తారు. కీలకమైన అతుకులను 48 గంటలు ఆగి పరీక్షించడం కూడా ఇందుకే.

శిక్షణ గదిలో, ఓడ పొట్టలో

పారిశ్రామిక శిక్షణ సంస్థల్లో, అంటే మన ఐటీఐలలో, వెల్డర్ కోర్సు ఒక సంవత్సరం. 8వ తరగతి పాసైనవారు చేరవచ్చు. ఈ విధానం 1950లో దేశవ్యాప్తంగా మొదలైంది. లక్షలాది పేద కుటుంబాలకు ఇది బతుకుతెరువు చూపింది. కోర్సులో భంగిమలన్నీ ఉంటాయి. అయినా చాలా చోట్ల రాడ్లూ ఉక్కు ముక్కలూ తగినన్ని ఉండవు. ఒకే యంత్రం దగ్గర వంతుల వారీగా నిలబడాలి. చిన్న ముక్కల మీద, మంచి వెలుతురులో, నిలబడి సాధన చేస్తారు. అతుకును కంటితో చూసి మార్కులు వేస్తారు.

ఓడ పొట్టలో పరిస్థితి వేరు. రెండు అడ్డుగోడల మధ్య మనిషి పట్టీపట్టని సందులో, పక్కకు ఒరిగి, ఎడమ చేత్తో ఆనుకొని, మీటర్ల పొడవున అతకాలి. పద్ధతి కూడా మారింది. నేటి కర్మాగారాల్లో విడి రాడ్ కంటే, చుట్ట నుంచి ఆగకుండా వచ్చే ఫ్లక్స్ నింపిన తీగతో చేసే వెల్డింగే ఎక్కువ. ఓడను ముక్కలు ముక్కలుగా, పెద్ద దిమ్మెలుగా వేరేచోట కట్టి తెచ్చి కలుపుతారు. గార్డెన్‌రీచ్‌లో ఇలాంటి పద్ధతికి కావలసిన ఏర్పాట్లు 2013లో వచ్చాయి. ఒక దిమ్మె అంచు కొన్ని మిల్లీమీటర్లు తేడా వస్తే పక్క దిమ్మెతో కలవదు. వేడికి ఉక్కు ఎంత ముడుచుకుంటుందో ముందే లెక్కవేసి అతకాలి. చివరగా ఆ అతుకును కన్ను కాకుండా ఎక్స్‌రే, అల్ట్రాసోనిక్ తరంగాలు పరీక్షిస్తాయి. లోపల గాలి బుడగ, చిక్కుకున్న చిట్టెం, సరిగా కరగని అంచు ఏది ఉన్నా బయటపడుతుంది.

అందువల్ల ఓడల కర్మాగారం సర్టిఫికెట్ చూసి ఊరుకోదు. నౌకల వర్గీకరణ సంస్థల నియమాల ప్రకారం ప్రతి వెల్డర్‌కూ ఫలానా పద్ధతిలో, ఫలానా భంగిమలో, ఫలానా మందం ఉక్కు మీద విడిగా పరీక్ష పెడుతుంది. కుర్రవాడు చెప్పింది నిజమే. అతను వెల్డింగ్ నేర్చుకున్నాడు. కర్మాగారం చెప్పిందీ నిజమే. ఆ వెల్డింగ్ అతనికి రాదు. ‘వెల్డర్’ అనే ఒకే మాట రెండు వేర్వేరు పనులను కప్పిపెట్టింది.

తప్పంతా పనివాడిదేనా?

1943 జనవరి 16 రాత్రి అమెరికాలోని పోర్ట్‌లాండ్ రేవులో, కదలని నీటిలో కట్టి ఉంచిన ‘షెనెక్టడీ’ అనే కొత్త ఓడ పెద్ద చప్పుడుతో దాదాపు రెండుగా విరిగింది. యుద్ధకాలంలో హడావుడిగా కట్టిన ఇతర ఓడల్లోనూ ఇలాంటి పగుళ్లు వచ్చాయి. అప్పుడు వేలమందికి కొద్ది వారాల శిక్షణ ఇచ్చి వెల్డర్లుగా పెట్టారు. కాబట్టి మొదటి అనుమానం వాళ్ల మీదే పడింది. చెడ్డ అతుకులు ఉన్నమాట నిజమే. అయితే కేంబ్రిడ్జి శాస్త్రవేత్త కాన్‌స్టెన్స్ టిప్పర్ మొదలైనవారి పరిశోధనల్లో ఇంకా లోతైన కారణం బయటపడింది. ఆనాటి ఉక్కు చలికి పెళుసుగా మారుతుంది. మూలలు చదరంగా కోసిన చోట ఒత్తిడి పోగవుతుంది. రివెట్ల ఓడలో పగులు రేకు అంచు దగ్గర ఆగేది. అతికిన ఓడ అంతా ఒకే ముక్క కాబట్టి పగులు ఆగకుండా పరుగెత్తింది. పదార్థం, రూపకల్పన, పనితనం మూడింటిలోనూ లోపం ఉంది. తేలికగా నింద పడింది మాత్రం మూడోదాని మీద.

ఉద్యోగాల విషయంలోనూ ఇలాగే జరుగుతుంది. ‘కుర్రవాళ్లకు పని రాదు’ అనడం తేలిక. నేర్పే సంస్థకు సామగ్రి ఉందా, పాఠ్యప్రణాళిక ఏ సంవత్సరానిది, యజమాని ఇచ్చే జీతం ఆ నైపుణ్యానికి తగినదేనా అని కూడా అడగాలి. తక్కువ జీతానికి నిపుణులు రాకపోతే దాన్ని నైపుణ్యాల కొరత అనలేం.

చేయి ఎలా నేర్చుకుంటుంది?

ఒడ్డున కూర్చుని ఈత నేర్చుకోలేమని మన పెద్దలు ఊరికే అనలేదు. సైకిలు తొక్కగలిగినవారిని ఎలా తొక్కుతున్నారో చెప్పమంటే సరిగా చెప్పలేరు. నిపుణుడి చేతిలో ఉన్న తెలివిలో చాలా భాగం మాటల్లోకి రాదు. దాన్ని తత్త్వవేత్త మైకేల్ పొలాన్యీ 1960లలో వివరంగా చర్చించాడు. అలాంటి తెలివి చూసి, చేసి, తప్పు తెలుసుకుని, దిద్దుకోవడం వల్లనే వస్తుంది. ఇక్కడ కీలకం, తప్పు ఎంత త్వరగా తెలుస్తుందన్నది. అతికిన గంటలోనే అతుకును కోసి లోపలి చిట్టెం చూపిస్తే చేయి దిద్దుకుంటుంది. ఏడాది చివర మార్కుల జాబితా వస్తే చేయి ఏమీ నేర్చుకోదు.

ఈ సంగతిని ఓడల కర్మాగారాలు కూడా పద్ధతి ప్రకారం వాడుకున్నాయి. 1917లో అమెరికా యుద్ధంలో దిగినప్పుడు ఓడల రేవులకు కొత్తవాళ్లు పెద్ద సంఖ్యలో కావలసి వచ్చారు. వాళ్లకు నేర్పే బాధ్యతను చార్లెస్ అలెన్ అనే వృత్తి విద్యా నిపుణుడు చేపట్టాడు. ఆయన బోధనను నాలుగు మెట్లుగా విడదీశాడు: నేర్చుకునేవాడిని సిద్ధం చేయడం, పని చూపించడం, అతని చేత చేయించడం, పరీక్షించడం. పాఠం చెప్పేవారిగా బయటి పంతుళ్లను కాక, పని తెలిసిన మేస్త్రీలనే ఎంచుకున్నాడు. ముందు ఆ మేస్త్రీలకు నేర్పడం ఎలాగో నేర్పాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో ఈ పద్ధతి అమెరికా పరిశ్రమలంతటా విస్తరించింది. యుద్ధం తరువాత జపాన్‌కు వెళ్లి అక్కడి ఫ్యాక్టరీల్లో పాతుకుపోయింది.

ఆలస్యం అనే జబ్బు

శిక్షణ బాగున్నా ఇంకో చిక్కు మిగులుతుంది. అది కాలానికి సంబంధించినది. ఈ ఏడాది ఒక రంగంలో జీతాలు పెరిగాయని అనుకుందాం. విద్యార్థులంతా ఆ కోర్సులో చేరతారు. వాళ్లు నాలుగేళ్ల తరువాత ఒకేసారి బయటకు వస్తారు. ఉద్యోగాలకంటే అభ్యర్థులు ఎక్కువవుతారు, జీతాలు పడిపోతాయి. అది చూసి తరువాతి జట్టు ఆ కోర్సు వైపు తొంగి చూడదు. మరో నాలుగేళ్లకు మళ్లీ కొరత. గిరాకీ, సరఫరా గీతల పటం మీద ఈ చక్రాన్ని గీస్తే సాలెగూడులా కనిపిస్తుంది. అందుకే అర్థశాస్త్రవేత్త నికొలస్ కాల్డర్ 1934లో దీనికి ఆ పేరు పెట్టాడు. అమెరికాలో ఇంజనీర్ల సంఖ్య, జీతాలు ఇలాగే ఊగిసలాడాయని రిచర్డ్ ఫ్రీమన్ 1976లో చూపించాడు. ఒక బ్రాంచికి గిరాకీ ఉందనగానే సీట్లన్నీ అటే మళ్లడం మన రాష్ట్రాల్లో కూడా చూస్తూనే ఉన్నాం.

దీనికి భౌతిక శాస్త్రంలో పోలిక ఉంది. స్నానాల గదిలో వేడినీళ్ల కుళాయి తిప్పితే నీళ్లు కొంతసేపటికి గాని వేడెక్కవు. ఈలోగా ఇంకా తిప్పుతాం. చివరికి ఒళ్లు కాలుతుంది. సమాచారం ఆలస్యంగా అందే ఏ వ్యవస్థ అయినా ఇలాగే ఊగుతుంది. విరుగుడు రెండు రకాలు. ఒకటి ఆలస్యాన్ని తగ్గించడం, అంటే పాఠ్యప్రణాళికను తరచుగా సవరించడం, చిన్న చిన్న అదనపు కోర్సులు పెట్టడం. రెండవది మారని పునాదిని గట్టిగా వేయడం. యంత్రం మారవచ్చు గాని తలతన్యత మారదు, హైడ్రోజన్ స్వభావం మారదు.

ఖర్చు ఎవరిది?

ఒకే వీధిలో రెండు వర్క్‌షాపులు ఉన్నాయనుకుందాం. మొదటి యజమాని ఆరు నెలలు రాడ్లు, ఉక్కు, మేస్త్రీ సమయం ఖర్చు పెట్టి ఒక కుర్రవాడిని 6జి వెల్డర్‌గా తయారుచేశాడు. రెండవ యజమాని ఏమీ ఖర్చు పెట్టకుండా, వెయ్యి రూపాయలు ఎక్కువ ఇచ్చి అతన్ని తీసుకుపోయాడు. ఇలా రెండుసార్లు జరిగితే మొదటి యజమాని నేర్పడం మానేస్తాడు. చివరికి వీధి మొత్తంలో నేర్పేవారే ఉండరు. నిపుణులు లేరని మాత్రం అందరూ వాపోతారు. ఎక్కడైనా పనికివచ్చే నైపుణ్యానికీ, ఒక్క సంస్థలోనే పనికివచ్చే నైపుణ్యానికీ ఉన్న ఈ తేడాను గారీ బెకర్ 1964లో వెలువడిన తన గ్రంథంలో విశ్లేషించాడు. అందరికీ పనికివచ్చేదాని ఖర్చును ఒక్కరు భరించరు. అందరూ పంచుకునే ఏర్పాటు కావాలి.

కొన్ని దేశాలు ఇందుకు పన్ను పద్ధతిని ఎంచుకున్నాయి. బ్రిటన్ 2017 నుంచి పెద్ద సంస్థల జీతాల మొత్తంలో 0.5 శాతాన్ని అప్రెంటిస్‌షిప్ నిధికి వసూలు చేయడం మొదలుపెట్టింది. జర్మనీలో ‘ద్వంద్వ పద్ధతి’ ఉంది. అక్కడ విద్యార్థి ఒక సంస్థతో ఒప్పందం కుదుర్చుకుంటాడు. వారంలో మూడు నాలుగు రోజులు ఆ సంస్థలో పని, ఒకటి రెండు రోజులు వృత్తి పాఠశాలలో చదువు. సాధారణంగా ఇది మూడు, మూడున్నర సంవత్సరాలు సాగుతుంది. ఏం నేర్పాలో యజమానులు, కార్మిక సంఘాలు, ప్రభుత్వం కలిసి నిర్ణయిస్తాయి. అన్ని సంస్థలూ నేర్పుతాయి కాబట్టి ఎత్తుకుపోతారన్న భయం తక్కువ.

మన దేశంలో అప్రెంటిస్ చట్టం 1961లోనే వచ్చింది. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం 30 మంది లేదా అంతకంటే ఎక్కువ సిబ్బంది ఉన్న సంస్థలు, తమ సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం మేరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలి. వారికి ఇచ్చే స్టైపెండ్‌లో కొంత భాగాన్ని కేంద్రం భరించే పథకం 2016లో మొదలైంది. ఐటీఐ చదువులో కొంతకాలాన్ని పరిశ్రమలోనే గడిపే ద్వంద్వ పద్ధతి కూడా ఆ సంవత్సరమే వచ్చింది. ఓడల రంగం కోసం సాగరమాల కార్యక్రమం కింద విశాఖపట్నంలో, ముంబయిలో ప్రత్యేక శిక్షణ కేంద్రాలు ఏర్పాటయ్యాయి. వాటిలో సీమెన్స్ సంస్థ, ఇండియన్ రిజిస్టర్ ఆఫ్ షిప్పింగ్ భాగస్వాములు. ఓడలను పరీక్షించి ఆమోదించే సంస్థే శిక్షణలో పాలుపంచుకోవడం ఇందులోని ముఖ్యమైన అంశం.

సర్టిఫికెట్ లేకుండానే పని తెలిసినవారి సంగతి వేరు. ఓడల మరమ్మతు జరిగే ఏ రేవు పక్కనైనా అలాంటి చేతులు ఉంటాయి. గురువు దగ్గర చిన్నప్పటి నుంచి నేర్చుకున్నవారు, ఏ కాగితమూ లేనివారు. వారిని మళ్లీ మొదటి తరగతిలో కూర్చోబెట్టకుండా, ఉన్న నేర్పును పరీక్షించి గుర్తింపు ఇచ్చే ఏర్పాటు ఇప్పుడు ఉంది. అయితే ఆ పరీక్ష నిజమైన అతుకు మీద జరగాలి. ప్రశ్నపత్రం మీద జరిగితే మళ్లీ కాగితమే మిగులుతుంది.

కోర్సులో చేరే ముందు

పదవ తరగతి తరువాతో, ఇంటర్ తరువాతో మీరు గాని, మీ తమ్ముడో చెల్లెలో గాని ఒక వృత్తి కోర్సులో చేరుతుంటే ఆ సంస్థను కొన్ని ప్రశ్నలు అడగండి. వారానికి ఎన్ని గంటలు పనిముట్టు నా చేతిలో ఉంటుంది? ఒక యంత్రానికి ఎంతమంది? నా తప్పు నాకు ఎన్ని రోజులకు తెలుస్తుంది? కోర్సులో ఎన్ని నెలలు పరిశ్రమలో గడుస్తాయి? నేర్పేవారు చివరిసారి పరిశ్రమలో ఎప్పుడు పనిచేశారు? నిరుటి జట్టులో ఎంతమంది నేర్చుకున్న పనిలోనే ఉన్నారు? వీటికి సూటిగా జవాబు చెప్పే సంస్థ భవనం పాతదైనా ఫరవాలేదు. జవాబు చెప్పలేని సంస్థకు అద్దాల మేడ ఉన్నా ప్రయోజనం తక్కువ.

పరిశ్రమను అడగవలసినవీ ఉన్నాయి. ఏ భంగిమలో, ఏ మందంలో, ఏ పరీక్షకు నిలిచే పని కావాలో స్పష్టంగా రాసి ఇస్తారా? మీ మేస్త్రీని నెలకు రెండు రోజులు ఐటీఐకి పంపుతారా? మీ దగ్గర మిగిలిన ఉక్కు ముక్కలు విద్యార్థుల సాధనకు ఇస్తారా? వీటిలో ఏదీ పెద్ద ఖర్చుతో కూడినది కాదు. వీటిని చేయకుండా పనివాళ్లు దొరకడం లేదని అంటే అది ఆడలేక మద్దెల ఓడు అన్నట్లే.

కర్ర ఓడ పోయి ఉక్కు ఓడ వచ్చింది. రివెట్ పోయి వెల్డింగ్ వచ్చింది. ఇప్పుడు కొన్ని అతుకులను రోబోలే వేస్తున్నాయి. ఆ రోబోకు ప్రవాహం ఎంత, వేగం ఎంత, కోణం ఎంత అని చెప్పేది మళ్లీ అతుకు తెలిసిన మనిషే. అలాంటి మనిషి తయారు కావాలంటే పాఠశాల, కర్మాగారం, పరీక్ష మూడూ ఒకదానికొకటి అందేంత దగ్గరగా ఉండాలి. ఎక్కడ అవి దూరంగా ఉన్నాయో అక్కడ గేటుకు ఇవతల నిరుద్యోగీ, అవతల ఖాళీ ఉద్యోగమూ మిగిలిపోతాయి.